పలౌర అంటే మన పలాసేనా?

తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకనాడు పటాలు ఎలా పుట్టాయో చెబుతున్నాను. గ్రీకు పండితుడు టాలెమీ క్రీ.శ. 150 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో కూర్చొని, తనకు తెలిసిన ప్రపంచంలోని ఊళ్ళన్నిటికీ ఒక పట్టిక వేశాడనీ, అందులో మన తూర్పు తీరం మీద ‘పలౌర’ అనే పట్టణం ఉన్నదనీ అన్నాను. వెనక బల్ల మీది కుర్రవాడు చటుక్కున లేచి, “మాస్టారూ, పలౌర అంటే మన పలాసేనేటి?” అని అడిగాడు.

తరగతి అంతా ఘొల్లుమన్నది. నేను నవ్వలేదు. అది నవ్వవలసిన ప్రశ్న కాదు. పాత పుస్తకంలో పేరు మాత్రమే మిగిలిన ఊరు నేడు నేల మీద ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నతో జీవితాలు గడిపిన పండితులున్నారు. వారిలో మన వంశధార ఒడ్డున పుట్టిన ఒక బడిపంతులు కూడా ఉన్నారు. ఆయన సంగతి ముందు ముందు చెబుతాను. “దీనికి జవాబు ఇప్పుడే ఔననీ కాదనీ చెప్పను. మనమే విచారణ చేద్దాం” అన్నాను.

విచారణ అన్నాక సాక్షులుండాలి కదా! మన మొదటి సాక్షి పేరు. పలౌర, పలాస - మొదటి రెండు అక్షరాలూ కలిశాయి. బాగానే ఉన్నది. కాని పేరు చాలా మాటకారి సాక్షి. ఎవరు ఏది చెప్పించుకోవాలనుకుంటే అది చెబుతుంది. సంస్కృతంలో పలాశమంటే మోదుగ చెట్టు. మన పలాస పేరుకు ఆ చెట్టే మూలం కావచ్చు. అప్పుడు గ్రీకుల పలౌరతో దానికి చుట్టరికమే ఉండదు. పేర్లలోని పోలికను నమ్మి ఎంతటివారు ఎలా పొరబడ్డారో తెలియాలంటే ఒకసారి పశ్చిమాసియా వెళ్ళి రావాలి.

బైబిలులో వందలాది ఊళ్ళ పేర్లున్నాయి. వాటిలో చాలా ఊళ్ళు ఎక్కడున్నాయో 19వ శతాబ్దం నాటికి ఎవరికీ రూఢిగా తెలియదు. 1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికన్ ఆచార్యుడు, అరబ్బీ భాష బాగా వచ్చిన ఈలై స్మిత్ అనే స్నేహితుణ్ణి వెంటబెట్టుకొని పాలస్తీనా అంతా తిరిగాడు. చేతిలో దిక్సూచి, కొలత కోసం గడియారం. ఇంత సేపు నడిస్తే ఇంత దూరమని లెక్క. వాళ్ళు చేసిన ముఖ్యమైన పని ఒకటే: ప్రతి ఊళ్ళోనూ రైతుల్నీ గొర్రెల కాపర్లనూ ఆ చుట్టుపక్కల దిబ్బల పేర్లు, బావుల పేర్లు అడగటం. “ఇది ఫలానా ఊరేనా?” అని మాత్రం అడిగేవారు కారు. అలా అడిగితే మొహమాటానికి ‘ఔను’ అంటారు. “దీన్నేమంటారు?” అని అడిగేవారు. పరిశోధనలో ఇది చాలా పెద్ద తేడా.

యెరూషలేముకు వాయవ్యంగా పది కిలోమీటర్ల లోపున ‘జీబ్’ అనే పల్లె ఉన్నది. బైబిలులోని ‘గిబియోను’ ఇదేనని రాబిన్సన్ అన్నాడు. భాష మారినా పేరులోని మొదటి హల్లులు నిలిచాయన్నమాట. ఇది ఊహే. నూరేళ్ళకు పైగా ఊహగానే ఉన్నది. 1956లో జేమ్స్ ప్రిచర్డ్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడ తవ్వటం మొదలుపెట్టాడు. పెద్ద బావి బయటపడింది. బావిని పూడ్చిన మట్టిలో ద్రాక్షసారాయి జాడీల పిడులు దొరికాయి. వాటి మీద పాత హీబ్రూ లిపిలో చెక్కి ఉన్న మాట ‘గిబియోను’! ఒక్క పిడి దొరికితే ఎక్కడినుంచో వచ్చిందనుకోవచ్చు. అలాంటివి ఎన్నో దొరికాయి. దానితో వివాదం తీరింది.

ఇక రెండో కథ వినండి. ‘లాకీషు’ అనే కోట పట్టణం ఒకటి ఉండేది. ‘ఉమ్ లాకిస్’ అనే దిబ్బ పేరు దానికి దగ్గరగా ఉన్నది. ఇంకేం, అదే లాకీషు అన్నారు కొందరు. 1890లో ఫ్లిండర్స్ పెట్రీ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడ గుంటలు తీసి చూశాడు. పైనుంచి కిందిదాకా రోమనుల కాలపు పెంకులే తప్ప అంతకంటె పాతవి లేవు. లాకీషు రోమనులకు ఎన్నో వందల ఏళ్ళ ముందు ఊరు. అందుచేత అది కాదని తేలింది. పెట్రీ దగ్గరలోని ‘తెల్ ఎల్ హెసి’ దిబ్బకు మారి, ఇదే లాకీషు అనుకున్నాడు. ఆ దిబ్బలో ఏ పొరలో ఏ రకం కుండ పెంకులున్నాయో చూసి కాలాన్ని లెక్కగట్టే పద్ధతిని ఆయన అక్కడే వాడి చూపించాడు. పద్ధతి ప్రపంచమంతా నిలిచింది. ఊరి సంగతిలో మాత్రం ఆయనా పొరబడ్డాడు! నాలుగో శతాబ్దంలో యూసీబియస్ అనే మతాధికారి రాసిన ఊళ్ళ పట్టికలో లాకీషు ఫలానా పట్టణానికి ఏడు మైళ్ళని ఉన్నది. ఆ దూరానికి దరిదాపుగా సరిపడేది ‘తెల్ ఎద్ దువైర్’ అనే ఇంకో దిబ్బ. అక్కడ తవ్వుతుంటే 1935లో సిరాతో రాసిన కుండ పెంకుల ఉత్తరాలు దొరికాయి. ఒకదానిలో లాకీషు పేరే ఉన్నది. దిబ్బ పేరుకు మాత్రం లాకీషుతో ఏ పోలికా లేదు.

చూశారా! జీబ్ విషయంలో పేరు నిజం చెప్పింది. ఉమ్ లాకిస్ విషయంలో అబద్ధం చెప్పింది. కాబట్టి పేరు ఒక ప్రశ్నను లేవదీయగలదు గాని తీర్పు చెప్పలేదు. దానికి తోడు దూరం కుదరాలి, కాలం కుదరాలి, మట్టిలో సాక్ష్యం ఉండాలి.

సరే, ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. మన ప్రాంతాన్ని చాలాకాలం ఏలిన తూర్పు గంగరాజుల రాగి శాసనాలు అనేకం దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం ‘కళింగనగరం’ నుంచి జారీ అయినట్లు రాసి ఉన్నది. ఆ కళింగనగరం ఎక్కడ? మీరేమంటారు? “కళింగపట్నం!” అని మా తరగతి అంతా ఒక్క గొంతుతో అన్నది. నగరమన్నా పట్నమన్నా ఒకటే కదా. వంశధార సముద్రంలో కలిసేచోట, ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. శాసనాలు చదవటంలో ఆరితేరిన ఫ్లీట్ దొరగారు కూడా మీలాగే కళింగపట్నమే అన్నారు.

కాదన్న మనిషి పర్లాకిమిడిలో బడిపంతులు. పేరు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగువారేనండీ. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో పంతులుగా చేరారు. పాత లిపులు ఆయనకు ఎవరూ నేర్పలేదు. పుస్తకాలు దగ్గర పెట్టుకొని, గుడి గోడల ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని తానే నేర్చుకున్నారు. సవరల భాష నేర్చుకున్నదీ ఆ పట్టుదలతోనే. మన జిల్లా పిల్లలకు ఆయనను భాషోద్యమ నాయకుడిగానే చెబుతారు. శాస్త్ర పరిశోధకుడిగా చెప్పరు. నాకు ఇది ఎప్పుడూ లోటుగానే తోస్తుంది.

ముఖలింగంలోని గుడి మీకు తెలుసు. వంశధారకు ఎడమ గట్టున, కళింగపట్నానికి ముప్పై కిలోమీటర్లకు పైగా ఎగువన ఉన్నది. స్వామి పేరు మధుకేశ్వరుడు. మధుకమంటే ఇప్పచెట్టు. చోడగంగ మహారాజు శక సంవత్సరం 1040లో, అనగా 1118 ప్రాంతంలో వేయించిన రాగి శాసనం ఒకటి ఉన్నది. అందులో ఆ రాజు తన పూర్వీకుల కథ చెప్పుకొన్నాడు. కామార్ణవుడనే రాజుకు ‘నగరం’ అనే పట్టణం ఉండేదట. అక్కడ ఇప్పచెట్టులోంచి పుట్టిన లింగానికి ఆయన ఎత్తైన గుడి కట్టించి, ‘మధుకేశ’ అని పేరు పెట్టాడట. ఇప్పుడు ఆలోచించండి. ‘నగరం’లో మధుకేశుని గుడి ఉన్నదని రాగిరేకు చెబుతున్నది. కళింగపట్నంలో అలాంటి గుడి లేదు. ముఖలింగంలో ఉన్నది. ఆ గుడి గోడల మీది శాసనాలు గంగరాజుల కాలానివే. అంతేకాదు, ముఖలింగాన్ని ఆనుకొని ఉన్న పల్లె పేరు నగరికటకం! రాజధాని పోయింది, రాజులు కటకం వైపు వెళ్ళిపోయారు, కాని ‘నగరం’ అన్న మాట ఒక చిన్న పల్లెను పట్టుకొని వేలాడుతూ ఉండిపోయింది.

1890 ప్రాంతాల్లో గిడుగువారు ఈ వాదాన్ని ప్రచురించారు. తర్వాతి పండితులు అంగీకరించారు. నేడు ఏ చరిత్ర పుస్తకం చూసినా కళింగనగరం అంటే ముఖలింగమే.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మీరు పెద్దయ్యాక శాసనాల జోలికి వెళ్తే పనికివస్తుంది. రాగిరేకులు కాళ్ళున్న సాక్షులు. దానం పుచ్చుకున్నవాడు మూటలో కట్టుకొని ఎక్కడికైనా పోగలడు. కాబట్టి రేకు దొరికినచోటే రాజధాని అనుకోరాదు. గుడి గోడ మీది శాసనం కదలదు. మరి రేకు విలువ ఎక్కడ? అందులో రాసిన పొలాల, ఊళ్ళ పేర్లలో! అచ్యుతపురం దగ్గర దొరికిన ఒక శాసనం గంగ శకం 87వ ఏట వేసినది. వరాహవర్తని అనే విషయంలోని సిద్ధార్థక గ్రామంలో భూమి ఇచ్చినట్లు అందులో ఉన్నది. విషయమంటే ఒకప్పటి తాలూకా వంటిది. శ్రీకాకుళం దగ్గరి సిద్ధాంతం గ్రామమే ఆ సిద్ధార్థకమని పండితులు గుర్తించారు. సిద్ధార్థకం, సిద్ధాంతం - పదమూడు పద్నాలుగు వందల ఏళ్ళు జనం నోళ్ళలో నానితే పేరు ఆ మాత్రం అరగదా!

కళింగనగరం దొరికింది. అంతకంటె పాతదైన దంతపురం సంగతి అంత తేలిక కాలేదు. బుద్ధుని దంతం ఇక్కడే ఉండేదనీ, తర్వాత సింహళానికి తరలిందనీ బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. మన టెక్కలి ప్రాంతానికి చెందిన జిర్జింగి రాగి శాసనాన్ని గంగరాజు ఇంద్రవర్మ తన శకం 39వ ఏట దంతపురం నుంచే జారీ చేశాడు. గంగ శకం ఐదో శతాబ్దం చివర మొదలైంది గనుక అది ఆరో శతాబ్దపు మొదటి భాగమన్నమాట. మరి ఆ దంతపురం ఏది? పూరీ అన్నారు ఒకరు, రాజమహేంద్రవరం అన్నారు మరొకరు, బెంగాలులోని దాంతన్ అన్నారు ఇంకొకరు.

1925లో సిల్వేన్ లెవీ అనే ఫ్రెంచి పండితుడు ఒక తమాషా దారి తొక్కాడు. దంతమంటే ఏమిటి? పన్ను. తెలుగులో బహువచనం పళ్ళు, తమిళంలో పల్. పురమంటే ఊరు. పల్ + ఊరు ఏమవుతుంది? పలూరు! గ్రీకు నావికులు దాన్నే ‘పలౌర’ అన్నారు, పండితులు సంస్కృతంలోకి మార్చి ‘దంతపురం’ అన్నారు - ఇదీ లెవీ వాదం. ఒడిశాలో గంజాం జిల్లాలో, చిలకా సరస్సుకు దక్షిణపు కొసన, ఇప్పటికీ పాలూరు అనే ఊరు ఉన్నది. మా పలాస కుర్రవాడి ముఖం ఇక్కడ కాస్త చిన్నబోయింది.

లెవీ వాదం చమత్కారంగానే ఉన్నది. కాని అదీ పేరు చెప్పిన సాక్ష్యమే. మన పర్లే శాసనాన్ని ప్రకటించిన జి. రామదాసుగారు శ్రీకాకుళం నుంచి సిద్ధాంతం వెళ్ళే దారిలో జనం ‘దంతవక్త్రుని కోట’ అని చూపించే స్థలాన్ని పేర్కొన్నారు. ఆ శాసనం కూడా దంతపురం నుంచి వచ్చినదే. సరుబుజ్జిలి, ఆమదాలవలస ప్రాంతపు పిల్లలకు దంతవరపుకోట తెలిసే ఉంటుంది. పొలాల మధ్య ఎత్తైన మట్టిగోడ చుట్టూ తిరిగి వస్తుంది. 1990లలో రాష్ట్ర పురావస్తు శాఖవారు అక్కడ తవ్వగా క్రీస్తు శకపు తొలి శతాబ్దాల నాటి కుండ పెంకులు దొరికాయి. పేరు ఉన్నది, కాలం కుదిరింది, పెద్ద కోట ఉన్నది. గిబియోను జాడీల మీదిలాగా ఊరి పేరు చెక్కిన ముద్ర ఒకటి ఆ మట్టిలోంచి వస్తే ఇంక వాదన ఉండదు. నా మట్టుకు నేను దంతపురం ఇదేనంటాను. పరీక్షలో రాయవలసివస్తే మాత్రం ‘ఇదే కావచ్చు’ అని రాయండి.

దూరం లెక్కలు కూడా చూద్దామా? క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన రోమను రచయిత ప్లినీ, గంగానది ముఖం నుంచి కళింగ భూశిరానికీ దండగుడ పట్టణానికీ 625 మైళ్ళని రాశాడు. దండగుడ అంటే దంతపురమేనని చాలామంది అభిప్రాయం. రోమను మైలు అంటే వెయ్యి జంట అడుగులు, సుమారు 1,480 మీటర్లు. 625 ను 1.48 చేత గుణిస్తే 925 కిలోమీటర్లు. అట్లాసు తీసి, తీరం వెంబడి దారం పరచి కొలవండి. మా పిల్లలు కొలిచారు. హుగ్లీ ముఖం నుంచి మొదలుపెడితే దారం కొస కాకినాడ దగ్గరకు వచ్చింది. కన్నింగ్‌హామ్ దొరగారు కోరంగి అన్నది ఈ లెక్క వల్లనే. కాని గంగకు ఒక్కటే ముఖమా? తూర్పున మేఘనా ముఖం సుమారు 300 కిలోమీటర్ల అవతల ఉన్నది. అక్కడినుంచి మొదలుపెడితే అదే దారం మన శ్రీకాకుళం తీరంలో ఆగింది! ప్లినీ ఏ ముఖం నుంచి కొలిచాడో రాయలేదు. కొలత ఎంత ఖచ్చితమైనా మొదలు తెలియకపోతే ఫలితం ఇలా వందల కిలోమీటర్లు జరిగిపోతుంది. భౌతికశాస్త్ర ప్రయోగాల్లో ‘సున్నా దోషం’ అని మీరు చదువుకున్నది గుర్తు తెచ్చుకోండి.

టాలెమీ కథ ఇంకా విచిత్రం. ఆయన పలౌరకు అక్షాంశం కూడా ఇచ్చాడు: పదకొండు డిగ్రీల పైచిలుకు, ఉత్తరం. నిజానికి పదకొండో అక్షాంశం మీద ఉన్నది తమిళనాడులోని నాగపట్నం ప్రాంతం. మన సోంపేట, బారువ తీరం పందొమ్మిదో అక్షాంశం దగ్గర ఉన్నది. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఎనిమిది డిగ్రీలకు ఎంతో మీరే లెక్క వేయండి. టాలెమీ మన దేశానికి ఎన్నడూ రాలేదు. ‘ఇన్ని రోజులు ఓడ నడిపాం’ అని నావికులు చెప్పిన మాటలను డిగ్రీలుగా మార్చాడు. అందువల్ల ఆయన పటంలో మన ద్వీపకల్పం ముక్కు కోసుకుపోయినట్లు చదునుగా ఉంటుంది. అందుచేత ఆయన అంకెల్ని కాక వరుసను నమ్మాలి: ఏ ఊరి తర్వాత ఏ ఊరు అన్నది. ఆ వరుసలో పలౌర గంగా సింధుశాఖ మొదట్లో వస్తుంది. బంగారు దేశమైన క్రిసేకు వెళ్ళే ఓడలు తీరం వదలి నడిసముద్రంలోకి తిరిగే చోటును కూడా ఆయన గుర్తించాడు. ఆ చోటు మన ఉద్దానంలోని బారువ వద్దనేనన్న పండితులు కూడా ఉన్నారు.

ఇప్పుడు పలాస. అది ఊరు మొత్తం మీద సముద్రానికి పది పన్నెండు కిలోమీటర్ల లోపల ఉన్నది. పాలూరు చిలకా సరస్సుకూ సముద్రానికీ దగ్గరగా, ఓడలకు అనువుగా ఉన్నది. పేరు కూడా ‘ఊరు’తో ముగుస్తుంది. చాలామంది పండితులు పాలూరువైపే మొగ్గుతారు. ఈ మాట చెప్పగానే మా కుర్రవాడు, “అయితే మన దగ్గర తవ్వి చూసినారేటి మాస్టారూ?” అన్నాడు. గట్టి ప్రశ్నే! జవాబు మట్టిలో వెతకాలి కాబట్టి పాత ఊరి మట్టి ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

మట్టి ఇళ్ళు కూలిపోతాయి. ఆ మట్టిని చదును చేసి దాని మీదే కొత్త ఇల్లు కడతారు. బూడిద, ఎముకలు, పేడ, పగిలిన కుండలు అక్కడే పడతాయి. వందల ఏళ్ళకు నేల మెట్టు మెట్టుగా పైకి లేస్తుంది. పశ్చిమాసియాలో ‘తెల్’ అంటున్నది ఇటువంటి దిబ్బనే. మన రైతులు పాటిదిబ్బ అంటారు. ఆ పాటిమన్ను పొలానికి మంచి ఎరువు. ఎందుకో ఆలోచించారా? ఎముకల్లో, పేడలో, బూడిదలో ఫాస్ఫరస్ ఉంటుంది. అది నేలలోని ఇనుము, కాల్షియం మొదలైనవాటితో కలిసి కరగని ఫాస్ఫేటులుగా మారి శతాబ్దాల తరబడి కదలక ఉండిపోతుంది. నత్రజనిలాగా వానకు సులభంగా కొట్టుకుపోదు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఓలోఫ్ అరీనియస్ ఈ సంగతి పట్టుకొని, పొలాల్లో మట్టి నమూనాలు పరీక్షించి, ఫాస్ఫేటు ఎక్కువగా ఉన్నచోట పాత ఊళ్ళుండేవని చూపించాడు. తవ్వకుండానే ఊరి జాడ తెలిసిందన్నమాట!

విచారకరమైన సంగతి ఏమిటంటే ఏ గుణం వల్ల పాత ఊరు మనకు పట్టుబడుతుందో ఆ గుణం వల్లనే అది మాయమైపోతున్నది. మా చిన్నతనంలో ఎడ్లబండ్లు కట్టి ఎండాకాలమంతా పాటిమన్ను తోలేవారు. ఒక దిబ్బ సగం కరిగిపోవటానికి పదేళ్ళు పట్టింది. ఇప్పుడు యంత్రాలకు పది రోజులు చాలు. అప్పట్లో ఆ మన్నులో దొరికిన ఒక నల్లటి పెంకు నున్నగా మెరుస్తుంటే జేబులో వేసుకొని ఇంటికి తెచ్చాను. అది ఎంత లోతున, ఏ పొర లోంచి వచ్చిందో నాకు గుర్తులేదు. ఇవాళ అది నా బల్ల మీద అందంగా ఉన్నది గాని, సాక్ష్యానికి ఎందుకూ పనికిరాదు. అందువల్ల మీరు పెంకులు ఏరి తీసుకురావద్దు. ఉన్నచోటనే చూసి, కొలిచి, బొమ్మ గీసుకొని రండి. రాగిరేకులో, నాణేలో దొరికితే వెంటనే పెద్దల ద్వారా కలెక్టరుగారికి తెలియజేయాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం అలాగే చెబుతున్నది. రాగి కోసం కరిగించిన శాసనాన్ని తిరిగి ఎవరూ రాయలేరు.

శాలిహుండం కొండ మీద బౌద్ధ స్థూపాలున్నాయని 1919లో లోకానికి తెలియజేసింది కూడా గిడుగువారే. కాలినడకన పోయి, కనపడ్డవారినల్లా అడిగి తెలుసుకోవటమే ఆయన పద్ధతి. మా తరగతి పిల్లలకు కూడా సెలవుల్లో అదే పని ఇచ్చాను. ఊళ్ళోని ప్రతి చెరువు పేరు, గట్టు పేరు, పొలం పేరు, దిబ్బ పేరు ముసలివాళ్ళనడిగి వాళ్ళు పలికినట్లే రాసుకోవాలి. “ఇది పలౌరేనా తాతా?” అని మాత్రం అడగకూడదు.

సెలవులయ్యాక ఆ కుర్రవాడు నోటుపుస్తకం తెచ్చాడు. జీడితోటల మధ్య, కొబ్బరితోటల మధ్య నలభై ఒక్క పేర్లు పోగుచేశాడు. ఒక్కొక్క పేరుకు ఎదురుగా మూడు గడులు గీశాడు: పాత పుస్తకాల్లో ఉన్నదా, దూరం కుదిరిందా, మట్టిలో ఏమున్నది. మొదటి గడిలో ఒక్క ‘పలాస’కు ఎదురుగా మాత్రం ప్రశ్నార్థకం పెట్టాడు. మిగతావన్నీ ఖాళీగా ఉన్నాయి. చివరి పేజీలో వాళ్ళ నాన్నమ్మ చెప్పిన ఒక దిబ్బ పేరు ఉన్నది. దాని కింద ‘మట్టి నల్లగా ఉంది, పెంకులు ఉన్నాయి, తియ్యలేదు’ అని రాసి గీత గీశాడు. వచ్చే ఆదివారం పొద్దున్నే అందరం కలిసి అక్కడికి వెళ్తున్నాం. కొలత టేపు, గొడుగులు, మజ్జిగ సిద్ధం చేసుకున్నాం. గునపం మాత్రం తీసుకువెళ్ళటం లేదు.